కొండవార భూమి, జనవరి మంగళవారం

కొలరాడోలో స్థిరపడ్డ మనవాళ్లలో చాలామందిని ఈ కోరిక ఏదో ఒక శనివారం నాడు పట్టుకుంటుంది. డెన్వర్ శివార్లలోనో ఫోర్ట్ కాలిన్స్‌లోనో ఇల్లు. పెరట్లో నిలబడితే పక్కింటివాళ్ల మాటలు వినబడతాయి. పడమటి దిక్కున మాత్రం రాకీ కొండలు. పిల్లల్ని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని అటువైపు పోతే, మైదానం మడతలు పడి కొండగా లేచే చోట, ఎండుగడ్డి మధ్య పాండెరోసా పైన్ చెట్లు మొదలయ్యే చోట, ఒక ఇనప గేటూ దాని మీద అమ్మకం బోర్డూ కనబడతాయి. 35 ఎకరాలు, బావి, గుర్రాల కొట్టం, కొన్ని నెలలు పారే వంక, కొండకు ఎదురుగా వరండా. కారు దానంతటదే ఆగినట్టు ఆగుతుంది.

ఆ గేటు ముందు కారు ఆపినవాళ్ల కోసం ఈ అధ్యాయం రాస్తున్నాను. నేనూ ఆపాను. రెండేళ్లలో మూడు చోట్ల ఆపాను. మొదటిచోట దాదాపు సంతకం దాకా వెళ్లాను. ఆ సంతకం ఎందుకు పెట్టలేదో చెప్పగలిగితే మీకు కొంత డబ్బూ, అంతకన్నా ఎక్కువగా కొన్నేళ్ల మనశ్శాంతీ మిగులుతాయని నా నమ్మకం.

ముందుగా ఒక పని చెబుతాను. భూమి చూసి వచ్చిన రాత్రే తెల్లకాగితం తీసుకుని, జనవరిలో ఒక మంగళవారం ఆ భూమి మీద మీ రోజు ఎలా గడుస్తుందో గంట గంటకూ రాయండి. శనివారం రాయొద్దు, జూన్ నెల రాయొద్దు. ప్రకటనలో ఫొటోలన్నీ జూన్ శనివారాలే. గడ్డి పచ్చగా ఉంటుంది, ఆఫీసు ఉండదు, పిల్లలకు బడి ఉండదు. మీరు బతకబోయేది ఎక్కువగా మంగళవారాల్లో. పొద్దున ఆరింటికి లేచి కుళాయి తిప్పడం దగ్గర మొదలుపెట్టండి. ఏ గంట దగ్గర కలం ఆగిపోతుందో, అక్కడ మీరు ఇంకా అడగని ప్రశ్న ఉందన్నమాట. నా కలం మొదటి వాక్యం దగ్గరే ఆగింది. కుళాయిలో నీళ్లు ఎక్కడివి?

ఆ ప్రశ్న నాకన్నా ముందు మా నాయన అడిగాడు. మాది అనంతపురం జిల్లా కళ్యాణదుర్గం వైపు మెట్ట సేద్యం. నాలుగు బోర్లు వేసి మూడు ఎండబెట్టుకున్న మనిషి ఆయన. ఒక వేసవిలో మా దగ్గరికి వచ్చినప్పుడు ఆ మొదటి భూమి చూపించాను. వరండాలో నిలబెట్టి కొండను చూడమన్నాను. చూశాడు. కిందికి దిగి, మట్టి పిడికెడు తీసి, నలిపి వదిలాడు.

“అబ్బీ, కొండ బాగుండాది. నీళ్లు యాడుండాయి?”

“బావి ఉంది నాయనా, ప్రకటనలో రాశారు.”

“రాసింది నేను అడగలా. యాడుండాయి, ఎన్నుండాయి, ఎవురివి?”

ఆ మూడు ముక్కలకూ జవాబులు వెతుక్కునేందుకు నాకు నాలుగు నెలలు పట్టింది. ఫోర్ట్ కాలిన్స్‌లో ఏడాదికి పడే వానా మంచూ కలిపి నీటి లెక్కన సుమారు 400 మిల్లీమీటర్లు. కరువు సీమ అని మనం చెప్పుకునే అనంతపురం జిల్లా సగటు వాన సుమారు 550. అంటే మా నాయన వదిలేసి వచ్చిన ఎండకన్నా నేను కొనబోయిన పచ్చదనం పొడిగా ఉంది. కొండ మీద మంచు మెరుస్తుంటే ఈ సంగతి కంటికి తోచదు.

ఇక 35 ఎకరాల సంగతి. ఈ ప్రాంతంలో అమ్మకానికి వచ్చే భూములు చూస్తుంటే 35, 36, 40 ఎకరాల అంకెలే పదే పదే ఎదురవుతాయి. ఆవుల మేతను బట్టి తేల్చిన లెక్క కాబోలు అనుకున్నాను. కాదు. 1972లో కొలరాడో శాసనసభ చేసిన చట్టం ప్రకారం 35 ఎకరాలకు తగ్గని ముక్కలకు కౌంటీ సబ్‌డివిజన్ నిబంధనలు వర్తించవు. వేల ఎకరాల పాత రాంచీలు, అంటే పశువులు మేపే పెద్ద కమతాలు, వారసుల చేతుల్లో ముక్కలైనప్పుడు ఆ గీత దగ్గరే ముక్కలయ్యాయి. అలా విడగొట్టిన భూమికి రోడ్డు ఎలా వేశారు, మంచు ఎవరు తోస్తారు, ఫైరింజను తిరగడానికి చోటుందా అని లేఅవుట్‌ను చూసినట్టు కౌంటీ కూర్చుని చూసి ఉండకపోవచ్చు. చూసుకోవాల్సింది కొనేవాళ్లే.

నీటికీ ఆ 35కీ సంబంధం ఉంది. 35 ఎకరాలు, ఆపైన ఉన్న భూమికి సాధారణంగా దొరికే గృహ బావి అనుమతితో మూడు ఇళ్ల వరకు వాడుకోవచ్చు, ఎకరం దాకా తోటా పచ్చికా తడుపుకోవచ్చు, సొంత పశువులకు తాపించుకోవచ్చు. మోటారు నిమిషానికి 15 గ్యాలన్లకు, అంటే సుమారు 57 లీటర్లకు మించి తోడకూడదు. అదే, ఈ ప్రాంతపు నదుల పరీవాహకాల్లో ఐదో పదో ఎకరాల ముక్కకు తరువాతి కాలంలో ఇచ్చిన అనుమతి అయితే చాలావరకు ఇంటి లోపలి వాడకానికే. వంటకు, స్నానానికి, అంతే. బావి ఉంది కదా అని గోంగూర మడికి నీళ్లు పెట్టినా, గుర్రానికి తొట్టి నింపినా అనుమతి దాటినట్టే. 1972కు ముందు తవ్విన బావుల లెక్క వేరు. కాబట్టి ప్రకటనలో ‘బావి’ అన్న మాటను అక్కడితో నమ్మకండి. అనుమతి కాగితం మీద ఏ వాడకానికి ఇచ్చారో చదవండి. రాష్ట్ర జలవనరుల విభాగం దగ్గర ప్రతి బావి అనుమతీ, తవ్వినప్పుడు ఎన్ని అడుగుల్లో నీరు పడిందో రాసిన చిట్టా బహిరంగంగానే ఉంటాయి. పక్కవాళ్ల బావుల చిట్టాలు కూడా తీయండి. కొండవార గ్రానైట్‌లో నీరు పగుళ్లలో ఉంటుంది. ఒకరికి 150 అడుగుల్లో పడితే గట్టు అవతల 600 అడుగులు దించినా తడి తగలకపోవచ్చు. మా ఊళ్లో బోరు కథ ఇదే కాబట్టి ఇది నాయనకు విడమరిచి చెప్పే అవసరం రాలేదు.

మొదటి భూమి దగ్గర జరిగింది ఇదే. బావిని కొన్ని గంటలపాటు ఆపకుండా తోడించి చూడాలని నేను పట్టుబట్టాను. అమ్మకం చూపిస్తున్న ఏజెంటుకు నచ్చలేదు. ఇక్కడ అందరూ పావుగంట చూసి సరిపెట్టుకుంటారన్నాడు. తోడించాం. రెండో గంటకు ధార సన్నబడింది. మూడో గంటకు గాలి తన్నింది. ఇద్దరు మనుషులు పొదుపుగా, నీళ్లు నిలవచేసే తొట్టి పెట్టుకుని బతకగలిగిన బావి అది. మాది ఐదుగురి ఇల్లు, పైగా సంక్రాంతికి ఇరవై మంది వచ్చే ఇల్లు. సంతకం అక్కడ ఆగిపోయింది.

ఇంకా ‘ఎవురివి’ అన్న ముక్క మిగిలింది. మన దగ్గర వంక మన చేలో పారితే మనదే అనుకుంటాం, కనీసం మోటారు పెట్టి తడుపుకుంటాం. కొలరాడోలో అలా కుదరదు. బౌల్డర్ కౌంటీ కొండల్లోంచి దిగే లెఫ్ట్ హ్యాండ్ వాగు పేరు ఆరపాహో నాయకుడు నివాట్‌ది. ఆయన పేరుకు ఎడమచేతివాడని అర్థం. బంగారం కోసం వచ్చి సేద్యంలో దిగిన తొలి వలసదారులు, పక్క లోయలోని సెయింట్ వ్రేన్ నీటిని ఈ వాగులోకి మళ్లించి కాలువలతో పొలాలకు తీసుకెళ్లారు. 1879లో నీటికి కటకట వచ్చింది. సెయింట్ వ్రేన్ ఒడ్డున భూములున్న రైతులు, మా ఏటి నీరు మాకే కావాలని ఆ మళ్లింపు కట్టను తెంచేశారు. వ్యాజ్యం రాష్ట్ర సుప్రీం కోర్టుకెక్కింది. కాఫిన్ కేసుగా పేరుపడ్డ ఆ వ్యాజ్యంలో 1882లో తీర్పు వచ్చింది: ఒడ్డున భూమి ఉన్నంత మాత్రాన నీటి మీద హక్కు రాదు, ముందు మళ్లించి వాడుకున్నవాళ్లదే ముందు హక్కు, ఆ నీరు వేరే లోయకు పోయినా సరే. 1876 రాజ్యాంగంలోనే ఉన్న ఆ సూత్రం మీదనే ఈనాటికీ ఈ రాష్ట్రపు నీరు నడుస్తోంది. అందుకోసం ఏడు జల విభాగాలూ, ప్రత్యేకంగా జల న్యాయస్థానాలూ ఉన్నాయి.

కొనేవాళ్లకు దీని అర్థం చాలా దగ్గరది. మీ భూమిలో పారే వంకకు అడ్డం వేసి చెరువు కట్టలేరు. మీ గడ్డిమైదానం మధ్యనుంచి కాలువ పోతుంటే ఆ నీరు మీది కాదు. పైగా కాలువ కంపెనీవాళ్లు పూడిక తీయడానికి మీ భూమిలోకి రావచ్చు, వాళ్ల దారికి మీరు అడ్డం కట్టకూడదు. 2016 దాకా మామూలు ఇళ్లవాళ్లు చూరు నీళ్లు పీపాలో పట్టుకోవడం కూడా ఇక్కడ కుదిరేది కాదు. ఆ ఏడాది వచ్చిన చట్టంతో ఇంటికి రెండు పీపాలు, రెండూ కలిపి 110 గ్యాలన్లు, అంటే 416 లీటర్ల దాకా అనుమతించారు. భూమితోపాటు నీటి హక్కు కూడా అమ్ముతున్నామని ఎవరైనా అంటే అది ఏ సంవత్సరపు హక్కు, ఎంత పరిమాణం, ఏ కాలువలో వాటా, దస్తావేజులో వేరుగా రాస్తున్నారా అని అడగండి. ఇక్కడ నీటిని భూమి నుంచి విడదీసి అమ్ముకోవచ్చు. భూమి ఒకరికీ నీరు మరొకరికీ పోయిన రాంచీలు ఎన్నో ఉన్నాయి. ఈ ఒక్క విషయానికి జల వ్యవహారాల లాయరుకు ఇచ్చే ఫీజు వృథా అనుకోవద్దు. ఇంటి రంగులకు పెట్టే ఖర్చు అందులోకి మళ్లించినా సరే.

మళ్లీ మంగళవారం కాగితానికి వస్తే, ఏడింటికి కారు తీయాలి. రాత్రి అడుగు మంచు పడింది. గేటు నుంచి కౌంటీ రోడ్డు దాకా అర మైలు మట్టిదారి. ఆ మంచు ఎవరు తోస్తారు? దారి కౌంటీది అయితే వాళ్లు తోస్తారు, కానీ వాళ్ల వరసలో మీ దారి ఎన్నోదో కనుక్కోవాలి. ప్రైవేటు దారి అయితే మీరూ మీ ఇరుగుపొరుగూ తోసుకోవాలి. ఖర్చు పంచుకునే ఒప్పందం రాతపూర్వకంగా ఉందా అని చూడాలి. ఇంకా ముఖ్యం, ఆ దారి మీద నడిచే హక్కు మీకుందా? పక్కవాళ్ల భూమిలోంచి పోయే దారి ముప్ఫై ఏళ్లుగా వాళ్ల మంచితనం మీద నడుస్తూ ఉండొచ్చు. వాళ్లు అమ్మేసుకుంటే కొత్తవాళ్లకు ఆ మంచితనం దస్తావేజుతో సంక్రమించదు. దారి హక్కు రిజిస్టరై ఉండాలి. మన ఊళ్లలో డొంక దారి తగాదాలు చూసినవాళ్లకు ఇది నేను నొక్కి చెప్పనక్కర్లేదు.

లారిమర్ కౌంటీ కమిషనర్‌గా పనిచేసిన జాన్ క్లార్క్, పట్నం వదిలి పల్లెభూములు కొనేవాళ్ల కోసం 1990లలో ఒక చిన్న మార్గదర్శిని రాశాడు. జేన్ గ్రే నవల పేరు మీదుగా దానికి ‘కోడ్ ఆఫ్ ది వెస్ట్’ అని పేరు పెట్టాడు. అంబులెన్సు రావడానికి ఎక్కువసేపు పడుతుందనీ, బడి బస్సు మీ గేటు దాకా రాకపోవచ్చనీ, పక్క రాంచీ పేడ వాసన తప్పు కాదనీ ముందే చెప్పే పత్రం అది. పట్నంలో దొరికే సేవలన్నీ పల్లెలో కౌంటీ ఇవ్వలేదని ఒక పాలకుడు మొహమాటం లేకుండా రాయడం నాకు ఎంతో గౌరవం కలిగించింది. తర్వాత చాలా కౌంటీలు దాన్ని తమకు తగ్గట్టు మార్చుకున్నాయి. మీరు కొనే కౌంటీ ప్రతి తెచ్చుకుని, ఇంటిల్లిపాదీ కూర్చుని చదవండి.

మధ్యాహ్నం పశువుల సంగతికొద్దాం. రాంచీ అన్నాం కదా, నాలుగు ఆవులు కొందాం అనుకుంటాం. ఈ ఎండు కొండవారలో చాలా చోట్ల 35 ఎకరాల గడ్డి ఒక్క ఆవుకూ దాని దూడకూ ఏడాదంతా సరిపోవడమే కష్టం. గుర్రాల్ని ఏడాదంతా వదిలితే రెండేళ్లకు గడ్డి వేళ్లతో సహా పోయి చీట్‌గ్రాస్ అనే పిచ్చిగడ్డి ఎక్కుతుంది. అది జూన్‌కే ఎండి, అగ్గిపుల్లకు ఎదురుచూస్తుంది. ఆ భూమి మీద పన్ను తక్కువగా ఉందని అమ్మేవాళ్లు చూపిస్తారు. అది వ్యవసాయ భూమిగా నమోదైనందువల్ల. ఆ నమోదు నిలవాలంటే ఆదాయం కోసం సేద్యమో మేపో జరుగుతూ ఉండాలి, కిందటి రెండేళ్లుగా జరిగి ఉండాలి. ముచ్చటకు పెంచుకునే రెండు గుర్రాలు ఆ లెక్కలోకి రావు. అందుకే ఇక్కడ చాలామంది పక్క రాంచీవాళ్లకు గడ్డి కౌలుకిస్తారు. వాళ్ల ఆవులు కొన్ని వారాలు వచ్చి మేసి పోతాయి. మీకు ఆవు కావాలా, ఆవు కనిపించే కిటికీ కావాలా అన్నది ఈ గంటలో తేలిపోతుంది. రెండో కోరికకు కౌలు చాలు.

కంచె గురించి ఒక్కమాట. మన దగ్గర గేదె పరాయి చేలో పడితే బందెలదొడ్డికి తోలేవాళ్లు, తప్పు గేదెవాళ్లది. కొలరాడోలో పాత మేత రాంచీల కాలం నుంచి వరస తిరగబడి ఉంది. పక్కవాళ్ల పశువులు మీ తోటలోకి రాకూడదంటే చట్టం చెప్పిన తీరు కంచె మీరే వేసుకోవాలి. వేసుకోనప్పుడు వచ్చిన నష్టానికి వాళ్లను నిలదీయడం కష్టం.

కంచె ఉంది కదా అని అదే హద్దు అనుకోవద్దు. 1785 నాటి ప్రభుత్వ సర్వే పద్ధతిలో ఈ భూములన్నీ 640 ఎకరాల చదరాలుగా కొలిచారు. 1862 హోమ్‌స్టెడ్ చట్టం కింద అందులో నాలుగో వంతు, 160 ఎకరాలు, ఒక్కో కుటుంబానికి పంచారు. కాగితం మీద గీతలు తిన్నగా ఉంటాయి. కొండ తిన్నగా ఉండదు కాబట్టి పశువులకాపరి కంచెను తనకు వీలైన చోట పాతుకుంటూ పోయాడు. బ్యాంకు కోసం తీసే ఇంటి స్థాన పత్రంతో సరిపెట్టుకోకుండా లైసెన్సున్న సర్వేయరుతో మూలలు పాతించండి. టైటిల్ కంపెనీ ఇచ్చే కాగితాల్లో షెడ్యూల్ బి అనే భాగం ఉంటుంది. మన ఊళ్లలో ఈసీ తీయించి చూసే శ్రద్ధతో, అంతకన్నా నిదానంగా దాన్ని చదవాలి. ఆ భూమి మీద ఎవరెవరికి ఏ హక్కులున్నాయో, అంటే దారులు, కాలువలు, కరెంటు తీగలు, శాశ్వత సంరక్షణ ఒప్పందాలు, అన్నీ అక్కడే పేర్చి ఉంటాయి. సంరక్షణ ఒప్పందం ఉంటే రెండో ఇల్లు కట్టుకునే వీలు లేకపోవచ్చు. అది ఎన్ని చేతులు మారినా భూమిని వదలదు. ఖనిజ హక్కులు కూడా చూడండి. 1916 చట్టం కింద పశువుల పెంపకానికి 640 ఎకరాల చొప్పున ఇచ్చిన భూముల్లో నేల కింది ఖనిజాలను అమెరికా ప్రభుత్వం తన దగ్గరే ఉంచుకుంది. పైన గడ్డి మీది, కింద రాయి మరొకరిది కావచ్చు.

చీకటి పడ్డాక గాలి లేస్తుంది. చలికాలంలో కొండల మీంచి మైదానంలోకి దూకే చినూక్ గాలి కొత్తవాళ్లకు రైలు వచ్చినట్టు వినిపిస్తుంది. ఈ గంట నేను కాగితం మీద ఎక్కువసేపు రాయలేకపోయాను, భయమేసి. 2021 డిసెంబర్ 30న బౌల్డర్ కౌంటీలో మార్షల్ మంటలు లేచినప్పుడు ఆ గాలి గంటకు వంద మైళ్లు దాటింది. అడవి కూడా కాదు, ఎండుగడ్డి మైదానం. ఒక్క రోజులో వెయ్యికి పైగా ఇళ్లు కాలిపోయాయి. ఆ ఇళ్లవాళ్లలో చాలామంది కొండల్లో ఉన్నామని అనుకోనే లేదు. లూయిస్‌విల్, సుపీరియర్ పట్నాల వీధుల్లో ఉన్నారు. అంతకు ముందటేడు లారిమర్ కౌంటీలో కామెరన్ పీక్ మంటలు 2,08,913 ఎకరాలు తగలబెట్టాయి. రాష్ట్ర చరిత్రలో అంతకన్నా పెద్ద కార్చిచ్చు లేదు.

అందుకని బేరం మాట్లాడే ముందే ఇన్సూరెన్స్ కంపెనీలకు ఫోన్ చేయండి. ఇల్లు నచ్చాక చేస్తే, వాళ్లు కాదన్నా మనసు వినదు. కొన్ని చోట్ల ఎవరూ ముందుకు రాకపోవడంతో 2023లో రాష్ట్రమే చట్టం చేసి ఆఖరి దిక్కుగా ఒక బీమా ఏర్పాటు పెట్టాల్సి వచ్చింది. ఇంటి చుట్టూ మొదటి ఐదడుగుల్లో అంటుకునేది ఏదీ ఉండకూడదు, కట్టెల మోపు కూడా. ముప్ఫై అడుగుల దాకా చెట్ల కొమ్మలు కత్తిరించి, గడ్డి పొట్టిగా ఉంచాలి. వంద అడుగుల దాకా చెట్లను పలచన చేయాలి. వరండాకు ఆనుకుని ఉన్న ఆ అందమైన పైన్ చెట్టును కొట్టేయాల్సి వస్తే మీకు ఒప్పుకోవాలనిపిస్తుందా? మా ఆవిడకు అనిపించలేదు. రెండో భూమి అక్కడ ఆగింది. ఆమెను నేను తప్పుపట్టలేదు. ఆ చెట్టు కోసమే ఆ ఇల్లు నచ్చింది, చెట్టు లేకపోతే ఆ ఇంటితో మాకు పని లేదు.

కొండ మంటల్ని ఇచ్చినట్టే వరదనూ ఇస్తుంది. 1976 జులై 31 సాయంత్రం బిగ్ థామ్సన్ లోయ ఎగువన నాలుగు గంటల్లో సుమారు పన్నెండు అంగుళాల వాన కురిసింది. 144 మంది చనిపోయారు. 2013 సెప్టెంబరులో అదే లోయ, దాని పక్క లోయలు మళ్లీ కొట్టుకుపోయాయి. ఇప్పుడు ఆ లోయ రోడ్లలో, వరదొస్తే కారు వదిలి పైకెక్కమని చెప్పే బోర్డులుంటాయి. వాగు గలగల వినిపించే గది కోసం ఎక్కువ ధర పెట్టేముందు ఆ బోర్డు దగ్గర ఒక్కసారి ఆగి చదవండి. ఎగువన కాలిపోయిన కొండ ఉంటే వాగు ఇంకా త్వరగా పొంగుతుందన్నది కూడా లెక్కలో పెట్టుకోండి.

ఇంట్లో ఇద్దరున్నప్పుడు కాగితాలు రెండు ఉండాలి, విడివిడిగా రాయాలి, రాసేదాకా ఒకరిది ఒకరు చూడకూడదు. నా మంగళవారంలో బావి, మంచు, కంచె ఉన్నాయి. మా ఆవిడ మంగళవారంలో అవేవీ లేవు. సాయంత్రం ఐదింటికి పాప కూచిపూడి క్లాసుకు గంట ప్రయాణం, తిరిగి వచ్చేసరికి చీకటి. నేను ఊరెళ్లిన రాత్రుల్లో కొట్టం దగ్గరికి టార్చి పట్టుకుని వెళ్లడం. అత్తయ్యకు గుండె నొప్పి వస్తే ఆసుపత్రికి ఎంతసేపన్నది. కరివేపాకు కోసం మార్కెట్టుకు వారానికోసారి. చివర ఒక వాక్యం రాసింది, నాకు ఇక్కడ మాట్లాడటానికి ఎవరున్నారు, అని. ఆ ప్రశ్నకు నా కాగితంలో చోటే లేదు. పన్నెండేళ్ల కాపురంలో అంత నిజాయితీగా మేం మాట్లాడుకున్న రాత్రులు తక్కువ. భూమి కొన్నా కొనకపోయినా ఆ రెండు కాగితాలూ దాచుకోదగ్గవి.

కొందరికి ఈ పనంతా చేశాక తమకు కావలసింది కొండే గానీ భూమి కాదని తెలుస్తుంది. అది చిన్న సంగతి కాదు, మంచి ఫలితం. ఫోర్ట్ కాలిన్స్ పక్కనే లోరీ స్టేట్ పార్కు ఉంది, హార్స్‌టూత్ కొండ ఉంది, వెనక రూజ్‌వెల్ట్ నేషనల్ ఫారెస్ట్ ఉంది. ప్రతి ఆదివారం నడవొచ్చు, కంచె బాగుచేయాల్సిన పని లేదు. ఇంకా తేల్చుకోలేనివాళ్లు జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఆ ప్రాంతంలో ఒక ఇల్లు అద్దెకు తీసుకుని రెండు వారాలు ఉండి, అక్కణ్ణుంచే ఆఫీసుకు వెళ్లి చూడండి. దూరపు కొండలు నునుపన్న సామెత ఇక్కడ పనిచేయదు. ఈ కొండలు దగ్గరికెళ్లినా అందంగానే ఉంటాయి, అసలు చిక్కు అదే. అందం చూస్తున్నంతసేపు నీరూ దారీ గాలీ గుర్తుకు రావు.

మూడో భూమిని మేం ఫిబ్రవరిలో చూశాం. కావాలనే, గాలి వీచే రోజున. లివర్‌మోర్‌కు వెళ్లే దారిలో, మొదటిదాని అంత అందంగా లేదు. కొండ సగమే కనిపిస్తుంది, మిగతా సగానికి ఒక గుట్ట అడ్డం. అమ్ముతున్నామె పెద్దావిడ, భర్త పోయి మూడేళ్లయింది. మేం అడగకముందే వంటింటి గూట్లోంచి నల్ల అట్ట పుస్తకం తీసి బల్ల మీద పెట్టింది. ఆ పుస్తకంలో ఆ ఇంటాయన ఏటా రెండుసార్లు బావిలో నీటిమట్టం కొలిచి రాశాడు. మొదటి మంచు పడిన తేదీ, కంచె తెగిన చోటు, ఎల్క్ మంద గడ్డి తొక్కిన వారం, పక్క రాంచీ ఆవులు వచ్చిన రోజూ పోయిన రోజూ. ఒక ఏడు బావి పద్దెనిమిది అడుగులు దిగిపోయింది. దాని పక్కన ఏ వ్యాఖ్యా లేదు, మరుసటేడు అంకె మాత్రం ఉంది.

నేను ఆ పేజీలను ఫొటోలు తీసి నాయనకు పంపాను. కళ్యాణదుర్గంలో అప్పుడు తెల్లవారుజాము. పది నిమిషాల్లో ఫోన్ చేశాడు. కొండ ఎలా ఉందని అడగలేదు.

“ఆ పద్దెనిమిది అడుగులు దిగిన యేడు ఆయమ్మ ఏం జేసిందో అడుగు” అన్నాడు.

అడిగాను. తోట వదిలేసిందట. రెండు ఆవుల్ని అమ్మేసి, బట్టలు ఉతుక్కోవడానికి పట్నంలో చెల్లెలి ఇంటికి వెళ్లేదట. ఆ సంగతులు చెప్పి, మా ఆవిడ వైపు తిరిగి, గురువారాల్లో నలుగురైదుగురు ఆడవాళ్లు చర్చి హాల్లో కలిసి బొంతలు కుడతారని, మీరు రావచ్చని చెప్పింది. మా ఆవిడ టీ కప్పు కింద పెట్టి, ఏ టైముకని అడిగింది.